కలం ఎవరి చేతిలో ఉంది?

"ఇంతకీ మీ ఇద్దరిలో రాసిందెవరమ్మా?"

పదేళ్ళ కిందట ఒక సంపాదకుడు ఫోనులో నన్నడిగిన ప్రశ్న ఇది. ఆయన వెటకారంగా అడగలేదు, ఆప్యాయంగానే అడిగారు. నేనూ, నా స్నేహితురాలూ కలిసి రాసి పంపిన కథ ఆయనకు నచ్చింది. వేసుకుంటామన్నారు. కాకపోతే ఒకే కథకి రెండు పేర్లేమిటని పాఠకులు తికమకపడతారట. ఒక పేరు ఉంచితే బాగుంటుందన్నారు. ఆ సాయంత్రం హాస్టల్ మెట్ల మీద కూర్చుని ఈ మాట చెప్తే నా స్నేహితురాలు ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. "నీ పేరే వెయ్యమనవే. నీకు ఇంటర్వ్యూలున్నాయి కదా, పనికొస్తుంది" అంది. నేనూ ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. కథ నా పేరుతో వచ్చింది. మంచి పేరు వచ్చింది, అదీ నాకే.

ఆ తర్వాత మేమిద్దరం కలిసి కథ రాయలేదు. పోట్లాడుకోలేదు. పెళ్ళి, ఉద్యోగం, ఊళ్ళు మారడం లాంటి కారణాలు చెప్పుకోవడానికి చాలానే ఉన్నాయి. ఈ మధ్య ఆ కథను ఒక సంకలనంలో వేసుకుంటామంటూ ఉత్తరం వచ్చింది. దానికి జతచేసిన పత్రంలో ఒక వాక్యం కింద నేను సంతకం పెట్టాలి. ఈ రచన పూర్తిగా నా సొంతమని హామీ ఇస్తున్నాను అన్నది ఆ వాక్యం సారాంశం. పత్రం నా బల్ల మీద మూడు వారాలుంది. ఆ మూడు వారాల్లో నేను చేసిన పని, ఎప్పుడో పరిశోధన రోజుల్లో పైపైన చదివి వదిలేసిన ఇద్దరు ఐరిష్ రచయిత్రుల దగ్గరికి తిరిగి వెళ్ళడం. ఈ వ్యాసం వాళ్ళ గురించి. నా గురించి కూడా.

*

ఎడిత్ సోమర్‌విల్ 1858లో పుట్టింది. తండ్రి సైన్యంలో అధికారి. ఆమె పెరిగింది ఐర్లండ్ దక్షిణాన, కార్క్ జిల్లాలో సముద్రం ఒడ్డునున్న కాసిల్‌టౌన్‌షెండ్ అనే చిన్న ఊళ్ళో, డ్రిషేన్ అనే ఇంట్లో. వయొలెట్ మార్టిన్ 1862లో పడమటి తీరాన గాల్వే జిల్లాలోని రాస్ అనే ఎస్టేటులో పుట్టింది. ఇద్దరిదీ ఇంగ్లీషు మాట్లాడే ప్రొటెస్టెంటు భూస్వామ్య వర్గం. ఇద్దరికీ ముత్తాత ఒక్కడే, ఐర్లండ్ ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన చార్లెస్ కెండల్ బుష్. అంత దగ్గరి బంధుత్వం ఉన్నా వాళ్ళు మొదటిసారి కలుసుకున్నది 1886 జనవరిలో. అప్పటికి ఎడిత్‌కి ఇరవై ఏడేళ్ళు, వయొలెట్‌కి ఇరవై మూడు.

వాళ్ళు పుట్టిన వర్గం అప్పటికే కూలిపోతోంది. 1879లో మొదలైన భూపోరాటాలతో రైతులు శిస్తులు ఇవ్వడానికి నిరాకరించారు. వయొలెట్ వాళ్ళింట్లో కష్టం అంతకన్నా ముందే మొదలైంది. 1872లో తండ్రి చనిపోయాక రాస్ ఇంటికి తాళం పడింది. తల్లీ కూతుళ్ళు డబ్లిన్ చేరారు. పదహారేళ్ళ తర్వాత, 1888లో తిరిగొచ్చి ఆ పాడుబడ్డ ఇంటిని మళ్ళీ నిలబెట్టడానికి పూనుకున్నారు. ఎడిత్ బొమ్మలు గీసేది. డుస్సెల్‌డార్ఫ్‌లో, పారిస్‌లో చిత్రకళ నేర్చుకుంది. చదువుకయ్యే ఖర్చుకి పత్రికలకు బొమ్మలు వేసి సంపాదించేది. పెద్దింటి ఆడపిల్లలే గానీ చేతిలో సొంత డబ్బు లేదు. పెళ్ళి తప్ప దారి లేదనుకునే కాలంలో ఇద్దరూ పెళ్ళి చేసుకోలేదు. వాళ్ళు కలిసి రాయడానికి స్నేహం ఎంత కారణమో, డబ్బు అవసరమూ అంతే కారణం. రెండో కారణం చెప్పుకోవడానికి మనం సాధారణంగా మొహమాటపడతాం. వాళ్ళు పడలేదు.

1887లో ఒక నవల మొదలుపెట్టారు. ఉద్దేశం గొప్పదేమీ కాదు, చవకబారు భయానక నవల ఒకటి రాసి నాలుగు డబ్బులు సంపాదించడం. ఇంట్లోవాళ్ళకి అది పెద్ద వేళాకోళమైంది. టెన్నిస్‌కి రమ్మనీ, అతిథులొచ్చారు రమ్మనీ పిలుపులు వస్తూనే ఉండేవి. ఇద్దరూ ఇంట్లో ఏదో ఒక మూల దాక్కుని రాసేవాళ్ళు. ఆడవాళ్ళ సమయం ఎప్పుడూ ఇతరులు లాక్కోగల సమయమే. ఒక ఆడది ఒంటరిగా గదిలో కూర్చుని రాస్తే అహంకారం, ఇద్దరు కూర్చుంటే కబుర్లు.

ఆ సరదా రాత ఎక్కడ నిజమైన రచనగా మారిందో ఎడిత్ తర్వాత చెప్పింది. ఒకరోజు ఇద్దరూ సముద్రం పక్కన ఒక పాత ఇంట్లో ఒంటరిగా ఉంటున్న దూరపు బంధువుని చూడడానికి గుర్రాల మీద వెళ్ళారు. వంశం చివరికొచ్చింది, ఇల్లు శిథిలమవుతోంది. తిరిగి వచ్చేటప్పుడు మసక వెలుతురులో వెనక్కి చూస్తే పై కిటికీలో ఒక తెల్లటి ముఖం ఒక్క క్షణం కనిపించి మాయమైంది. ఆ క్షణంతో చవకబారు నవల రాయాలన్న కోరిక పోయిందనీ, తమ చుట్టూ ఉన్న నిజమే తమ వస్తువని అర్థమైందనీ ఎడిత్ రాసుకుంది. నాకు ఇందులో ముఖ్యమనిపించింది ఆ ముఖం కాదు. ఇద్దరూ ఒకేసారి వెనక్కి తిరిగి చూడడం. కలిసి రాయడం కాగితం మీద మొదలవదు. ఒకే దాన్ని ఇద్దరూ చూడడంతో మొదలవుతుంది.

నవల పేరు 'యాన్ ఐరిష్ కజిన్'. 1889లో లండన్‌లోని రిచర్డ్ బెంట్లీ సంస్థ రెండు సంపుటాలుగా ప్రచురించింది. ఒప్పందం ప్రకారం అచ్చయినప్పుడు 25 పౌన్లు, 500 ప్రతులు అమ్ముడుపోయాక మరో 25. పుస్తకం మీద రచయితల పేర్లు గీలిస్ హెరింగ్, మార్టిన్ రాస్. ఇంటిపేరు నవల మీద కనిపించడం ఎడిత్ తల్లికి ఇష్టంలేదు. అందుకని ఎడిత్ పూర్వికురాలి పేరొకటి పెట్టుకుంది. తర్వాత సొంత పేరుకే వచ్చేసింది. వయొలెట్ మాత్రం తన ఇంటిపేరునూ ఊరిపేరునూ కలిపి 'మార్టిన్ రాస్' అయింది, చివరిదాకా అలాగే ఉండిపోయింది. ఎడిత్ కూడా ఆమెను మార్టిన్ అనే పిలిచేది. మొదటి పుస్తకంతోనే ఒకరు కుటుంబపు పరువు కోసం పేరు దాచుకోవాల్సి వచ్చింది, ఇంకొకరు మగపేరులా వినిపించే పేరు తొడుక్కున్నారు. పేరు అనేది రచయిత్రికి ఎప్పుడూ ఒక బేరసారమే. అందులో నేనూ నా స్నేహితురాలూ మొదటివాళ్ళం కాదు.

*

1894లో మూడు సంపుటాలుగా వచ్చిన 'ద రియల్ షార్లెట్' వాళ్ళ నవలల్లోకెల్లా గొప్పదని చాలామంది విమర్శకులు అంటారు. షార్లెట్ మలెన్ నలభై ఏళ్ళ అవివాహిత. అందం లేదు, తెలివి ఉంది, భూమి మీద ఆశ ఉంది, లాంబర్ట్ అనే వివాహితుడి మీద దాచుకున్న ప్రేమ ఉంది. ఆమె దగ్గరికి డబ్లిన్ నుంచి ఫ్రాన్సీ అనే అందమైన బంధువుల పిల్ల వస్తుంది. ఆ కాలపు నవలల్లో ముసలి కన్య అంటే నవ్వుకోవడానికో జాలిపడడానికో ఉండే పాత్ర. వీళ్ళు ఆమెను కథకి మధ్యన నిలబెట్టారు, ఆమె దుర్మార్గాన్ని దాచకుండా, ఆమె ఆకలిని చిన్నబుచ్చకుండా. ఆ సమతూకం ఇద్దరి వాదనలో తేలిందని నాకనిపిస్తుంది. ఒకరు షార్లెట్ మీద కోపం పెంచుకుంటే ఇంకొకరు ఆమె పక్షాన మాట్లాడి ఉంటారు. ఇది నా ఊహే. కానీ కలిసి రాసినవాళ్ళకి అర్థమయ్యే ఊహ.

1898 అక్టోబరు నుంచి 'బాడ్మింటన్ మ్యాగజైన్' అనే క్రీడల పత్రికలో వాళ్ళ హాస్యకథలు వరసగా వచ్చాయి. 1899లో అవి 'సమ్ ఎక్స్‌పీరియెన్సెస్ ఆఫ్ యాన్ ఐరిష్ ఆర్.ఎం.' పేరుతో పుస్తకమయ్యాయి. ఆర్.ఎం. అంటే రెసిడెంట్ మేజిస్ట్రేట్. కథ చెప్పేది మేజర్ యేట్స్ అనే ఆ అధికారి. వేట, గుర్రాలు, కోర్టు కచేరీ, అన్నీ మగవాళ్ళ లోకం. దాన్ని ఒక మగవాడి గొంతుతో చెప్పింది ఇద్దరు ఆడవాళ్ళు. పుస్తకానికి వచ్చిన ఆదరణ వాళ్ళ మిగతా రచనలన్నిటినీ మించిపోయింది. ఆ ప్రచురణకర్తలకి అలాంటివే ఇంకా కావలసివచ్చాయి. 1908లో, 1915లో మరో రెండు సంపుటాలు వచ్చాయి. నవ్వించే కథలకి గిరాకీ ఉన్నచోట 'రియల్ షార్లెట్' లాంటి నవల రాయడానికి తీరిక దొరకలేదు. అచ్చవడం అనే అదృష్టానికి ఉండే రెండో వైపు ఇది.

ఎలా రాసేవాళ్ళు? పాఠకులు వాళ్ళని ఎన్నోసార్లు అడిగిన ప్రశ్న ఇదే, నా సంపాదకుడి ప్రశ్నకి అక్క. మీలో కలం పట్టుకునేదెవరు? 1917లో వచ్చిన 'ఐరిష్ మెమొరీస్'లో ఎడిత్ దీనికి జవాబు చెప్పింది. తమ రచన మాటల్లో జరిగేదంది. ఒకరు ఒక ఊహ చెప్తారు, ఒక్కోసారి ఇద్దరూ ఒకేసారి చెప్తారు. దాని మీద వాదులాడుకుంటారు, ఒప్పుకుంటారు, మారుస్తారు. తేలినదాన్ని ఆ పూట ఎవరి చేతిలో కలం ఉంటే వాళ్ళు రాస్తారు. మళ్ళీ కొట్టేస్తారు, మళ్ళీ రాస్తారు. కలం ఎవరి చేతిలో ఉందన్నది కేవలం యాదృచ్ఛికం. 1906లో వయొలెట్ తల్లి చనిపోయి ఆమె డ్రిషేన్‌కి వచ్చేసేదాకా ఇద్దరూ చాలాకాలం వేర్వేరు ఊళ్ళలోనే ఉన్నారు. దూరంగా ఉన్నప్పుడు ఆ సంభాషణ ఉత్తరాల్లో నడిచింది.

ఈ జవాబుతో విమర్శకులు తృప్తిపడలేదు. ఇద్దరిలో అసలు ప్రతిభ ఎవరిది అని వెతుకుతూనే వచ్చారు. తర్వాత ఇంకో ప్రశ్న చేరింది. 1968లో మారిస్ కోలిస్ రాసిన జీవిత చరిత్ర వాళ్ళది స్వలింగ ప్రేమ అని సూచించింది. 1985లో గిఫర్డ్ లూయిస్ తన పుస్తకంలో దాన్ని ఖండించింది. వాళ్ళ స్నేహానికి ఏ పేరు పెట్టాలన్న చర్చ జరగాల్సిందే. కానీ రెండు ప్రశ్నలూ ఒకే చోటి నుంచి పుట్టినట్టు కనిపిస్తాయి. ఇద్దరు స్త్రీల మధ్య ఉన్నదాన్ని విడదీసి, ఇది ఫలానా అని ముద్ర వేస్తే గానీ లోకానికి నిద్రపట్టదు.

1915 డిసెంబరు 21న వయొలెట్ మెదడులో కణితితో చనిపోయింది. ఎడిత్ ఆ తర్వాత ముప్పై నాలుగేళ్ళు బతికింది, రాసింది. కానీ తన పుస్తకాల మీద 'సోమర్‌విల్ అండ్ రాస్' అనే జంట పేరే కొనసాగించింది. చనిపోయిన మార్టిన్ తనతో ఇంకా మాట్లాడుతోందని నమ్మి, ఆత్మలతో సంభాషణ నడిపే పద్ధతుల్లో ఆమె మాటలు రాసుకునేది. దీన్ని చూసి నవ్వడం సులభం. నేనూ మొదటిసారి చదివినప్పుడు నవ్వాను. ఇప్పుడు 1925లో వచ్చిన 'ద బిగ్ హౌస్ ఆఫ్ ఇన్వర్' గురించి ఆలోచిస్తున్నాను. ఒక భూస్వామి వంశం తరతరాలుగా పతనమవడమే ఆ నవల కథ. దానికి బీజం 1912లో వయొలెట్ రాసిన ఒక ఉత్తరం. గాల్వేలో టైరోన్ హౌస్ అనే శిథిలమైన భవనాన్ని చూసొచ్చి, ఆ ఇంటి కథ ఎడిత్‌కి రాసింది. పదమూడేళ్ళ తర్వాత ఎడిత్ దాన్ని నవల చేసింది. ఆ నవల మీద వయొలెట్ పేరు ఉండడానికి ఆత్మల సాక్ష్యం అక్కర్లేదు, పోస్టాఫీసు సాక్ష్యం చాలు.

*

ఈ సంగతి చదువుతుంటే తెలుగువాళ్ళకి వెంటనే గుర్తొచ్చేది తిరుపతి వేంకట కవులు. దివాకర్ల తిరుపతి శాస్త్రి 1920లో చనిపోయారు. చెళ్ళపిళ్ళ వేంకట శాస్త్రి 1950 దాకా ఉన్నారు. స్నేహితుడు పోయాక కూడా ఆయన జంట పేరుతోనే రచనలు ప్రకటించారు. కార్క్‌లో ఎడిత్ చేసిన పనే ఇక్కడ చెళ్ళపిళ్ళ చేశారు, ఇంచుమించు ఆ కాలంలోనే. దాన్ని మనం మైత్రీధర్మం అని కొనియాడాం. వేంకట పార్వతీశ కవులు, పింగళి కాటూరి కవులు, కొప్పరపు సోదర కవులు ఇలా జంటలకి సాహిత్య చరిత్రలో ఒక గౌరవమైన గది ఉంది. కానీ 'జంట రచయిత్రులు' అనే మాట పలికి చూడండి. నాలుకకి కొత్తగా ఉంటుంది. సభలో పద్యాన్ని ఒకరు అందుకుంటే ఇంకొకరు పూర్తి చేయడం మగవాళ్ళ విషయంలో ప్రతిభ అయింది. అదే మనం చేస్తే, ఇద్దరిలో ఒకరు రాస్తే ఇంకొకరు పక్కన కూర్చున్నారన్న అనుమానం.

అలాగని సోమర్‌విల్, రాస్‌లను దేవతల్ని చేయలేను. వాళ్ళు స్త్రీల ఓటుహక్కు కోసం నిలబడ్డారు. మన్‌స్టర్ ప్రాంతపు ఓటుహక్కు సంఘానికి ఎడిత్ అధ్యక్షురాలు. కానీ వాళ్ళు భూస్వాముల కూతుళ్ళు. దాక్కుని రాయడానికి దొరికిన ఆ మూల, ఆ తీరిక, వంట చేసేవాళ్ళూ, గుర్రాల్ని చూసుకునేవాళ్ళూ, శిస్తు కట్టేవాళ్ళూ సమకూర్చినవే. ఆ పనివాళ్ళ నోట వచ్చే మాటలు, నుడికారాలు ఇద్దరూ నోటు పుస్తకాల్లో రాసిపెట్టుకునేవాళ్ళు. వాళ్ళ హాస్యానికి ప్రాణం ఆ మాటలే. పుస్తకం మీద రెండు పేర్లు ఉన్నాయని మురిసిపోతున్న నేను, మూడో పేరు, నాలుగో పేరు ఎక్కడ అని కూడా అడగాలి కదా.

ఆ ప్రశ్నకి మన దగ్గర ఒక జవాబు ఉంది. తెలంగాణ సాయుధ పోరాటంలోని స్త్రీల జ్ఞాపకాలతో 1986లో వచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'. దాన్ని వెలువరించింది స్త్రీ శక్తి సంఘటన అనే బృందం. లోపల చిట్యాల ఐలమ్మ, మల్లు స్వరాజ్యం లాంటి వాళ్ళ కథనాలు వాళ్ళ పేర్లతోనే ఉన్నాయి. చెప్పినవాళ్ళ పేర్లు పోలేదు, రాసినవాళ్ళ పేర్లు ముందుకి తోసుకురాలేదు. అది కల్పన కాదు, మౌఖిక చరిత్ర. అయినా కలిసి రాసే స్త్రీలకి అది నేర్పే పాఠం పెద్దది. ఎవరెవరు ఉన్నారో చెప్పడం గౌరవం, ఎవరు అసలు అని తేల్చడం కాదు.

*

మా వృత్తిలో దీన్ని అంకెల్లో చూస్తాం. 2018 యుజిసి నిబంధనల ప్రకారం ఇద్దరు కలిసి రాసిన పరిశోధన వ్యాసానికి ఒక్కొక్కరికి 70 శాతం మార్కులు. రెండూ కలిపితే నూట నలభై! కలిసి చేసిన పని ఒకటి కంటే ఎక్కువని ఆ లెక్క తెలియకుండానే ఒప్పుకుంది. కానీ అందులో ప్రతి ఒక్కరికీ కనిపించేది తనకి తగ్గిన ముప్పయ్యే. పదేళ్ళ కిందట నాకూ అంతే కనిపించింది.

చట్టం మాత్రం నేననుకున్నదానికన్నా తెలివైనది. 1957 నాటి మన కాపీరైట్ చట్టంలో ఉమ్మడి రచనకి ఒక నిర్వచనం ఉంది. ఒకరు చేసింది ఇంకొకరు చేసిన దాని నుంచి విడిగా గుర్తించడానికి వీల్లేకుండా ఉంటేనే అది ఉమ్మడి రచన. అంటే, ఎవరు ఏది రాశారో చెప్పలేకపోవడం లోపం కాదు, అదే లక్షణం. అలాంటి రచన మీద హక్కు, ఆ రచయితల్లో చివరివారు మరణించాక కూడా అరవై ఏళ్ళు నడుస్తుంది. చెళ్ళపిళ్ళ, ఎడిత్ మనసులో అనుకున్నది చట్టం కాగితం మీద పెట్టింది. ఒకరు మిగిలి ఉన్నంతకాలం ఇద్దరూ ఉన్నట్టే. ఇదంతా చదివాక ఒక సంగతి తేటతెల్లమైంది. నా బల్ల మీది పత్రం మీద ఒంటరిగా సంతకం పెట్టే హక్కు నాకు లేదు. ఎప్పుడూ లేదు.

నా స్నేహితురాలికి ఫోన్ చేశాను. విషయం చెప్పాను. క్షమించమని అడగడానికి మాటలు కూడబలుక్కుంటుంటే మధ్యలోనే ఆపేసింది. "ఆ కథలో బావి దగ్గర అత్తాకోడళ్ళ సంభాషణ ఉంది చూడు, అదొక్కటి నాదని మాత్రం ఎప్పుడూ గుర్తుండేది. మిగతాదంతా నీదేలే" అంది.

నేను కాసేపు మాట్లాడలేకపోయాను. ఆ సంభాషణ నాదని నేను ఇన్నాళ్ళూ అనుకుంటున్నాను. ఏ సభలో ఎవరు మెచ్చుకున్నా నేను తలొంచి స్వీకరించింది ఆ పేజీకే. అదే చెప్పాను. "నీదెలా అవుతుందే, మా నానమ్మ మాటలవి" అంది. నిజమే, అవి వాళ్ళ నానమ్మ మాటలు. కానీ కోడలు జవాబు చెప్పకుండా చేదని బావిలోకి వదిలేయడం మా అమ్మ చేసిన పని. అరగంటసేపు వాదించుకున్నాం. పదేళ్ళ తర్వాత మేమిద్దరం అంతసేపు మాట్లాడుకోవడం అదే మొదలు. తేలలేదు.

పత్రంలో ఆ వాక్యం కొట్టేసి, రెండు పేర్లు రాసి, కింద రెండు సంతకాలతో పంపాం. సంకలనకర్తల నుంచి ఇంకా జవాబు రాలేదు. ఒక పేరే వేస్తామంటే కథని వెనక్కి తీసుకుంటాం. వాళ్ళ నానమ్మ పేరూ, మా అమ్మ పేరూ ఎక్కడ రాయాలన్నది మాత్రం ఇంకా తేల్చుకోలేదు. వచ్చే నెల ఆమె ఇక్కడికి వస్తానంది. అప్పుడు కూర్చుని మాట్లాడుకోవాలి.